104 కిలోలకు కాపలా

మనవణ్ణి చూసుకోవడానికి మా ఆవిడ రెండు నెలలు బెంగుళూరు వెళ్లింది. ఆవిడ వచ్చేలోగా ఇంటికి పనికొచ్చే పని ఒకటి చేసి చూపించాలని నాకు దురాశ పుట్టింది. బియ్యం ధర పెరుగుతుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు, నేనే అని ఉంటాను. వెళ్లి నాలుగు బస్తాలు తెచ్చాను. పాత బీపీటీ రకం, బస్తాకి 26 కిలోలు. 2022లో 25 కిలోల దాకా ఉన్న బస్తాల మీద 5 శాతం జీఎస్టీ పడేసరికి, వ్యాపారులు చప్పుడు చేయకుండా ఇంకో కిలో పోసి కుట్టేశారు కదా! ఆ తెలివిలో వీసమెత్తు నాకున్నా ఈ కథ జరిగేది కాదు.

ఇంట్లో రెండు స్టీలు డ్రమ్ములున్నాయి. ఒకదాని అడుగున రెండు కిలోల బియ్యం మిగిలి ఉంటే, వాటిని ఎక్కడికి మార్చాలో తోచక వాటి మీదే గుమ్మరించాను. ఆ తర్వాతే అసలు శ్రద్ధంతా పెట్టాను.

పురుగు పట్టకుండా ఏం చేయాలని అపార్ట్‌మెంట్‌లో ఒక్కరిని అడిగాను. సాయంత్రానికి తొమ్మిది మంది చెప్పారు. ఎండిన వేపాకు అన్నారు పై అంతస్తు పిన్నిగారు. వెల్లుల్లి అన్నారు పక్కింటాయన. ఎండుమిర్చి, లవంగాలు, బిర్యానీ ఆకు, మూట కట్టిన ఇంగువ... ఎవరి మాట కాదంటే ఎవరికి కోపమో! అన్నీ వేశాను. కిరాణా కొట్టు అబ్బాయి చెప్పిన బోరిక్ పౌడర్ ఒక్కటే మానేశాను. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడిని అన్నంలోకి తేవడానికి మనసొప్పలేదు.

మర్నాటి నుంచి పెరుగన్నం తిన్నా పులిహోర వాసనే.

మా ఆవిడ వచ్చి డ్రమ్ము మూత తీసింది. తీసి, కాసేపు మాట్లాడలేదు. నేనూ తొంగి చూశాను. బియ్యం నెమ్మదిగా కదులుతున్నాయి. ముక్కు పురుగులు. నల్లగా, నువ్వుగింజంత కూడా లేవు గానీ ముందు ఏనుగు తొండంలా చిన్న ముక్కు. ఒకటి వేపాకు మీద, వరండాలో పడక్కుర్చీ వేసుకున్నట్టు కూర్చుని ఉంది. ఆవిడ ఒక్కొక్కటీ బయటికి తీసింది.

"మిరపకాయలు, వెల్లుల్లి, ఇంగువ. పోపు పెట్టడం ఒక్కటే మరిచిపోయారు."

డాబా మీద ఎండలో పోసేస్తానన్నాను. "ఎండలో పోస్తే విరిగి నూకలవుతాయి, హాల్లో ఫ్యాను కింద పొయ్యండి" అంది. పాత దుప్పట్ల మీద పరిచాం. గాలి తగలగానే పురుగులు వలస మొదలుపెట్టాయి. సోఫా కాళ్ల మీదుగా కొన్ని, టీవీ స్టాండు మీదుగా కొన్ని. వేలితో ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటాయి. మనం అటు తిరగ్గానే లేచి నడక. మార్కెట్‌కి వెళ్లమంటే నేను చేసే పనే ఇది కాబట్టి, తప్పు పట్టలేకపోయాను.

సరిగ్గా అప్పుడే వియ్యంకుడుగారు వచ్చారు. తెల్లటి లాల్చీ.

"ఇటు పనుండి వచ్చాను బావగారూ, ఏమిటిది, హాల్లో కళ్లం చేశారు?"

చెప్పక తప్పలేదు. వేపాకు దగ్గర మొదలుపెట్టి ఇంగువ దాకా చెప్పాను. ఆయన సోఫాలో కూర్చుని, కాఫీ గ్లాసు అంచు మీద నడుస్తున్న ఒకదాన్ని మర్యాదగా పక్కకి తోసి, "డ్రమ్ము అడుగు ఖాళీ చేసి తుడిచారా?" అన్నారు.

నేను పంచె కొంగు సర్దుకున్నాను.

"ఇది గింజకి చిల్లు పెట్టి, లోపల గుడ్డు పెట్టి, పైన పూత పూసేస్తుంది బావగారూ. పిల్ల లోపలే తిని లోపలే పెరిగి, నెలో నెలన్నరకో బయటికొస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అదే. మీరేమో వీధి వాకిట్లో వెల్లుల్లి కట్టారు."

మా అమ్మ గుర్తొచ్చింది. గాదె ఊడ్చి, అలికి, ఎండబెట్టి గానీ కొత్త ధాన్యం పోయనిచ్చేది కాదు. పైగా అప్పట్లో ఇంట్లో ఉండేది ధాన్యం, పొట్టే దానికి సగం కాపలా. కావలసినప్పుడు మరకి పంపేవాళ్లం. ఇదంతా నాకు తెలుసు. 104 కిలోలు పోసేటప్పుడు మాత్రం తెలియలేదు.

మా ఆవిడ వంటింట్లోంచి మూడు చేటలు తెచ్చింది. మూడోది ఎవరికా అని చూశాను. "అయ్యో, ఫర్వాలేదు చెల్లెమ్మగారూ" అంటూనే ఆయన అందుకున్నారు. గంటన్నర చెరిగాం. నాకంటే ఆయనే బాగా చెరిగారని మా ఆవిడ రెండుసార్లు అంది. ఒకసారి చాలు నిజానికి.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆయన లాల్చీ దులుపుకున్నారు. ఒకటి కింద పడింది, కాళ్లు ముడుచుకుని. పాపం అన్నారాయన. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినబడగానే అది లేచి, వంటింటి వైపు నడిచింది.