"డయామాక్స్ వేసుకుని ఎక్కేయండి" అని పంపుతున్నవాళ్లకు

"ఎవరెస్ట్ ఎక్కడం ఇప్పుడు పెద్ద విషయమేం కాదు" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఈసారి చార్‌ధామ్ గ్రూపుల్లోకి కూడా చేరింది. అందులో ఆరు మాటలున్నాయి. డబ్బుంటే షెర్పాలే పైకి మోసుకెళ్తారట. తాడూ నిచ్చెనలూ ఉంటాయి కాబట్టి పట్టుకుని నడవడమేనట. ఆక్సిజన్ సిలిండరుంటే ఊపిరికి ఢోకా లేదట. బేస్ క్యాంప్ దారిలోనో కేదార్‌నాథ్‌లోనో తలనొప్పి వస్తే డయామాక్స్ (ఎత్తుల్లో వచ్చే జబ్బుకు వాడే మాత్ర) వేసుకుని, కర్పూరం వాసన చూస్తూ, వెల్లుల్లి సూప్ తాగి, ఆగకుండా పైకి పోవచ్చట. పదమూడేళ్ల పూర్ణే ఎక్కేసిందట. శిఖరం ఎత్తు 8,848 మీటర్లట.

చివరిది తేలిక. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి 8,848.86 అని ప్రకటించాయి.

నాలుగోది మాత్రం ప్రాణాలు తీసే మాట. డయామాక్స్ రక్తంలోని బైకార్బొనేట్ అనే క్షారాన్ని మూత్రంలో బయటికి పంపి, శ్వాస పెరిగేలా చేస్తుంది. ఎత్తుకు అలవాటు పడటానికి శరీరం తనంతట తాను చేసుకునే సర్దుబాటే అది, కాస్త ముందుగా మొదలవుతుంది, అంతే. అందుకే డాక్టర్‌ని అడిగి, ఎక్కడానికి ముందురోజు నుంచే 125 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. తలనొప్పి మొదలయ్యాక ఒక మాత్ర మింగి అదే రోజు ఇంకా పైకి పోతే, జబ్బు ముదరకుండా అది ఆపదు.

మూడు వేల మీటర్లు దాటాక, ఇవాళ పడుకునే చోటు నిన్నటి చోటుకంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. పగలు పైకి వెళ్లి రాత్రికి దిగి రావచ్చు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో నామ్చే 3,440 మీటర్లు, డింగ్‌బోచే 4,410. ఈ రెండుచోట్లా రెండేసి రాత్రులు ఆపేది ఊరికే కాదు. సెలవు కలిసొస్తుందని ఒక రాత్రి నామ్చేలో, మర్నాటి రాత్రి డింగ్‌బోచేలో పడుకుంటే ఒక్కరోజులో 970 మీటర్లు. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు దాదాపు 1,600 మీటర్ల ఎత్తు తేడా, నడిచేవాళ్లకు ఒక్కరోజు. ఇక హెలికాప్టర్లో అయితే నిమిషాలు. అరవై దాటిన అమ్మానాన్నల్ని అక్కడ రాత్రి ఉంచుతూ, వాళ్ల ఫోన్లోకి ఈ మెసేజ్ పంపుతున్నారా?

తలనొప్పితో పాటు వాంతి, ఆకలి లేకపోవడం ఉంటే ఉన్నచోటే ఆగాలి, తగ్గేదాకా ఒక్క అడుగూ పైకి వేయకూడదు. అనుమానం ఉంటే మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ గీత మీద పది అడుగులు నడిపించండి. తూలితే మెదడులో నీరు చేరుతోందని లెక్క. కూర్చున్నా ఆయాసం, దగ్గు, పెదాలు నీలంగా మారడం ఉంటే ఊపిరితిత్తుల్లో చేరుతోందని లెక్క. అర్ధరాత్రయినా సరే, పక్కన మనిషిని తోడిచ్చి అప్పుడే కిందికి దించాలి. తెల్లారనిద్దాం అనుకుంటేనే మనిషి పోతాడు.

కర్పూరం ముక్కుకు చల్లగా తగిలి గాలి బాగా ఆడినట్టు అనిపిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ పెరగదు. ఆ "అనిపించడమే" మనిషిని ఇంకో రెండు గంటలు పైకి నడిపిస్తుంది. పది లీటర్ల గ్యాస్ పట్టే చిన్న ఆక్సిజన్ డబ్బా నిమిషానికి రెండు లీటర్ల లెక్కన అయిదు నిమిషాలు వస్తుంది. వెల్లుల్లి సూప్ మాత్రం తాగండి. ఆ పొడి చలిలో వేడి నీళ్లూ ఉప్పూ ఒంట్లోకి పోవడం మంచిదే. కానీ అది మందు కాదు.

సిలిండరు సంగతీ అంతే. నాలుగు లీటర్ల సిలిండరులో 300 బార్ పీడనం దగ్గర నింపితే సుమారు 1,200 లీటర్ల గ్యాస్ పడుతుంది. నిమిషానికి రెండు లీటర్లయితే పది గంటలు, నాలుగయితే అయిదే. శిఖరం కింద క్యూలో రెండు గంటలు నిలబడ్డా గ్యాస్ పోతూనే ఉంటుంది. ఊపిరిలోని తడి మాస్కు వాల్వులో గడ్డకడితే సిలిండరు నిండుగా ఉన్నా ఊపిరాడదు.

తాడు పట్టుకుని నడవడమేనా? తాడుకు జుమార్ (పైకే జరిగే పట్టు) ఒకటి, సేఫ్టీ కారబైనర్ (నడుం పట్టీని తాడుకు కలిపే కొక్కెం) ఒకటి తగిలించి ఉంటాయి. యాంకర్, అంటే తాడును మంచుకో రాతికో బిగించిన చోటు, వచ్చిన ప్రతిసారీ ముందు కారబైనర్ విప్పి అవతలి తాడుకు తగిలించాలి, ఆ తర్వాతే జుమార్ తీయాలి. రెండూ ఒకేసారి విప్పిన క్షణంలో మనిషిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ఇదంతా మందపాటి గ్లౌజులతో, చీకట్లో, పాత సీజన్ల కుళ్లిన తాళ్ల మధ్య కొత్త తాడు ఏదో చూసుకుంటూ చేయాలి. దిగేటప్పుడు, ఒళ్లు అలిసిపోయాక, మళ్లీ చేయాలి.

షెర్పాలు మోసుకెళ్తారన్నది పచ్చి అబద్ధం. 2023 మేలో గెల్జే షెర్పా ఒక మలేషియా వ్యక్తిని శిఖరానికి కాస్త కిందుండే బాల్కనీ అనే చోటు దగ్గర్నుంచి వీపు మీద మోసుకుని దించితే ప్రపంచమంతా వార్తయింది. అదీ కిందికి దించినందుకు!

పూర్ణ విషయంలో ఓపిక పూర్తిగా పోతోంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన ఆ అమ్మాయి, ఆమెతో కలిసి ఎక్కిన ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్, సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్ చలిలో శిక్షణ పొందారు. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి శిఖరం చేరారు. "చిన్నపిల్లే ఎక్కింది" అని కొట్టిపారేసేవాళ్లు ముందు భువనగిరి గుట్ట మీద ఒక్క నిలువు పగులు ఎక్కి చూపించండి.

ఒక్కటి ఒప్పుకోవాలి. షెర్పాలు లేకపోతే ఈ ఆరోహణల్లో అత్యధికం జరగవు. నిజం. నేపాల్ వైపు నుంచి ఎక్కేవాళ్లు దాదాపు అందరూ వాళ్లు వేసిన తాళ్ల మీదే ఎక్కుతారు. పూర్ణ ఎక్కిన ఏడాదే ఏప్రిల్ 18న, నేపాల్ వైపు దారిలో కదిలే మంచుగడ్డల వాలు ఖుంబూ ఐస్‌ఫాల్‌లో మంచు విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. క్లయింటు ఆ ఐస్‌ఫాల్‌ను కొన్నిసార్లే దాటుతాడు, బరువులు మోసేవాళ్లు సీజనంతా దాటుతూనే ఉంటారు. వాళ్ల కూలీ గురించీ, బీమా గురించీ రాయండి, ఎన్ని గ్రూపులకైనా పంపుతాం. ఒక గిరిజన పిల్లను తక్కువ చేయడానికి వాళ్ల పేరు వాడకండి.