ఉత్ప్రేరకం గారూ, మీరేమీ చెయ్యలేదంటారా?

అయ్యా ఉత్ప్రేరకం గారూ, నమస్కారమండీ.

మిమ్మల్ని నేను పదో తరగతి నుంచి ఎరుగుదును, మీరే నన్నెరగరు. "చర్యలో పాల్గొనకుండా చర్యా వేగాన్ని మార్చే పదార్థం" అని మా సైన్సు మాస్టారు బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసి, బట్టీ పట్టమన్నారు. నాకప్పుడే అనుమానం వచ్చింది. పాల్గొనకుండా ఎలా మారుస్తారండీ? మా వీధిలో ఏ గొడవ జరిగినా "నేనసలు నోరే విప్పలేదు, అరుగు మీద కూర్చున్నానంతే" అనే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. తీరా చూస్తే రెండు వైపులా చెవిలో ఊదింది ఆయనే. ఆయన్ని తలుచుకునే స్లిప్ టెస్టులో "ఉత్ప్రేరకం చర్యలో పాల్గొంటుంది, చివర్లో ఏమీ ఎరగనట్టు బయటికొస్తుంది" అని రాశాను. అర మార్కు కోసేశారు.

ఆ అర మార్కు సంగతి మర్చిపోయేవాడినే, మొన్న చెరువు గట్టు మీద నత్తగుల్ల గుచ్చుకుని అరికాలు చీరుకోకపోతే. ఆర్‌ఎంపీ గారు బల్ల మీంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తీశారు. అది అక్కడ ఎన్ని నెలల నుంచి ఉందో, లోపల సరుకు మాత్రం కిక్కురుమనకుండా కూర్చుంది. నిజానికి నీళ్లుగా, ఆక్సిజన్‌గా తనంతట తానే విడిపోవాల్సిన పదార్థమే, కానీ బద్ధకం. నా రక్తం తగిలిందో లేదో, పొయ్యి మీద పాలు పొంగినట్టు తెల్లగా బుసబుసా పొంగింది. "అదిగో, పని చేస్తోంది మందు" అన్నారాయన. చేసింది మందు కాదండీ, మీ వాళ్లే. రక్తంలో ఉండే కెటలేజ్ అనే ఎంజైమ్. ఒక్కో అణువు సెకనుకు లక్షల పెరాక్సైడ్ అణువుల్ని విడగొడుతుంది. దాని నడిబొడ్డున ఉన్న ఇనుము, మొదట వచ్చిన పెరాక్సైడ్ దగ్గర ఒక ఆక్సిజన్ పరమాణువు లాక్కుంటుంది, రెండోది రాగానే దానికి అప్పజెప్పేసి మూతి తుడుచుకుంటుంది. దీన్ని పాల్గొనకపోవడం అంటారా?

ఆ ఇనుమే ఎరువుల ఫ్యాక్టరీలో కూడా దొరికిపోయింది. మా కొబ్బరిచెట్ల మీదుగా వీచే గాలిలో 78 శాతం నైట్రోజనే, సార్వా వరికి కావాల్సిందీ అదే, అయినా మేం యూరియా బస్తా కోసం క్యూలో చెప్పులు పెట్టాల్సిందే. ఎందుకంటే గాలిలో ఆ రెండు నైట్రోజన్ పరమాణువులు మూడు బంధాలు వేసుకుని, ఎంత లాగినా విడిపోవు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆస్మియం అనే అరుదైన లోహం సాయంతో వాటిని విడగొట్టి, యూరియాకి మూలమైన అమ్మోనియా చేసి చూపించాడు గానీ, ఆస్మియం ఏమన్నా సంతలో అమ్ముతారా? ఆల్విన్ మిటాష్ అనే మరో రసాయన శాస్త్రవేత్త బృందం వేల రకాల మిశ్రమాలు పరీక్షించి, చివరికి ఇనుము దగ్గరికే వచ్చింది. ఊరంతా తిరిగి ఇంటి వెనక గునపం దగ్గరికి వచ్చినట్టు. 1913లో జర్మనీలో ఫ్యాక్టరీ మొదలైంది. ఆ ఇనుము మీద నైట్రోజన్ ఎలా వాలుతుందో, ఎలా విడిపోతుందో, హైడ్రోజన్‌ని ఒక్కొక్కటిగా ఎలా కలుపుకుంటుందో గెర్హార్డ్ ఎర్టిల్ అనే ఆయన అంచెలంచెలుగా పట్టుకున్నాడు. 2007లో నోబెల్ ఇచ్చారు. అంటే మీ మీద సాక్ష్యం దొరికి చాలా కాలమైంది.

ఇక మీ గొప్ప గురించి ఒక మాట. చర్య జరగడానికి ముందుగా కావాల్సిన శక్తిని పుస్తకంలో కొండ బొమ్మగా వేస్తారు, మీరు ఆ కొండ ఎత్తు తగ్గిస్తారని. మా డెల్టాలో కొండ ఎక్కడిదండీ, కాలువ గట్టే మాకు ఎత్తు! నాకు మీరు అర్థమైంది నరసాపురం రేవులో. పంటు, అంటే జనాన్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ, ఎక్కితే గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లి. పంటు లేకపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. పంటు గోదావరిని పూడ్చలేదు, వేరే దారి చూపించింది, అంతే. అవతలి గట్టు ఉన్నచోటే ఉంటుంది. పైగా అటు జనాన్నీ ఇటు జనాన్నీ ఒకే వేగంతో మోస్తుంది. మీరూ అంతే. ముందుకి జరిగే చర్యనీ వెనక్కి జరిగే చర్యనీ ఒకేలా తోస్తారు, కాబట్టి రెండు చర్యలూ సరిసమానంగా సాగే సమతాస్థితి త్వరగా వస్తుందే గానీ సరుకు ఒక్క గ్రాము కూడా ఎక్కువ రాదు. జరగని పనిని మీరు జరిపించలేరు. ఈ ముక్క మీ భక్తులకి చెబితే కోపం.

అరగరు, తరగరు అన్నదీ పూర్తి నిజం కాదు లెండి. పెట్రోల్‌లో సీసం తగిలితే పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి కారు పొగగొట్టంలో కూర్చున్న మీ ప్లాటినం పని మానేసేది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోల్ రావడానికి మీ అలక కూడా ఒక కారణం.

కాలికి కట్టుతోనే మొన్న పంటు ఎక్కితే, స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని మాస్టారు కనిపించారు. రిటైరై చాలా ఏళ్లయింది. "మాస్టారూ, ఆ అర మార్కు..." అని మొదలుపెట్టి ఎర్టిల్ దాకా వచ్చేసరికి రేవు వచ్చేసింది. అంతా విన్నారు. స్కూటర్ స్టార్ట్ చేస్తూ, "అయితే ఆ పేపరు దాచావా?" అన్నారు.

దాచలేదండీ.

ఇట్లు,
అర మార్కు పోగొట్టుకున్న మీ పాత విద్యార్థి