అది దండెం కాదు సామీ, బార్‌బెల్!

ఇప్పుడే మా కారు షెడ్డు, అంటే నేను పెట్టుకున్న ఇంటి జిమ్, షట్టర్ ఎత్తి చూసి వస్తున్నా. ఒళ్ళు మండిపోతోంది. ఇంట్లో అరిస్తే బాగుండదంట, అందుకని ఇక్కడ అరుస్తున్నా. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

నేను బరువులెత్తే ఒలింపిక్ బార్ మీద రెండు తడి పంచెలు, ఒక కండువా, ఒక పిల్లోడి నిక్కరు ఆరేసి ఉన్నాయి. నీళ్ళు బొట్లు బొట్లుగా రబ్బరు మ్యాట్ మీద పడుతున్నాయి. బయటికి జరిపేసిన బెంచి మీద లడ్డూల సంచి పెట్టారు, నెయ్యి రెక్సిన్‌కి పట్టేసింది. బార్ ఆనించే ఇనుప రాక్‌కి ఉన్న కొక్కేనికి ఎవరిదో హ్యాండ్‌బ్యాగ్. నేను నా డబ్బుతో గోడకి బిగించుకున్న ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతోంది, పంచెలు ఆరాలి కదా మరి! హైదరాబాద్ నుంచి దర్శనానికి దిగిన మా పెద్దనాయన కుటుంబం తాలూకు వైభోగం ఇదంతా. నున్నటి గుండు మీద గంధం కూడా ఆరలేదు, అలాగే నవ్వుతూ ఆయన నాకే చెబుతున్నాడు: "ఈడ గాలి బ్రహ్మాండంగా వస్తా ఉందమ్మా. మిద్దె పైన ఆరేస్తే కోతులు ఎత్తుకుపోతాయి."

కోతులైనా నయం. అవి అడిగి తీసుకోవు, కానీ సలహాలు కూడా ఇవ్వవు.

తడి బట్ట ఇనుము మీద వేస్తే ఏమవుతుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బార్‌లో చేయి పట్టుకునే చోట సన్నటి గీతలు చెక్కి గరుకుగా ఉంటుంది, నర్లింగ్ అంటారు. తడి ఆ గీతల్లో దిగి కూర్చుంటే పైకి కనిపించదు, నాలుగు రోజుల తర్వాత అరచేతికి ఎర్రగా తుప్పు అంటుకుంటుంది. అందుకే వాడిన ప్రతిసారీ చెమట తుడిచి, వారానికోసారి బ్రష్‌తో రుద్ది, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి గుడ్డతో లాగుతాను. మా ఆయన బైక్‌కి కూడా ఇంత సేవ జరగదు. ఇప్పుడు దాని మీద పంచెలు!

ఇది కూడా మింగేద్దును. పెద్దవాళ్ళు, తెలియదు, పోనీలే అనుకుందును. కారు టైరు దగ్గరికి వంగి చూశాను చూడండి, అక్కడ పోయింది నా ఓపిక. వాళ్ళ కారు మా షెడ్డులో పెట్టారు. "కొత్త బండమ్మా, ఎండలో పెడితే రంగు పోతుంది" అన్నారంట. మా షెడ్డు కొద్దిగా వాలుగా ఉంటుంది కాబట్టి బండి వెనక్కి జారకుండా టైరు కింద రాయి పెట్టాలి. రాయి దొరకలేదంట. తిరుపతిలో రాయి దొరకలేదంట అండీ! ఎదురుగా శేషాచలం కొండంతా నిలబడి ఉంది. బార్‌కి తొడిగే నా 10 కేజీల ఇనుప ప్లేటు తీసి టైరు కింద కొట్టారు. రబ్బరు పూత ఒక పక్క లేచిపోయింది.

కారుకి ఎండ తగలకూడదు, నిజమే. ఆ కారు కోసం బయటికి జరిపిన నా బెంచికి ఎండ తగలొచ్చా? అది మాత్రం సూర్యనమస్కారాలు చేసుకుంటుందా?

ఈ షెడ్డుని జిమ్ చేయడానికి నేను పడ్డ తిప్పలు మీలో చాలామందికి తెలుసు, అప్పట్లో ఫొటోలు పెట్టి మిమ్మల్ని కూడా విసిగించాను. వెడల్పు 10 అడుగులు. బార్ పొడవు 7 అడుగుల పైచిలుకు. రెండు పక్కలా కలిపి మూడడుగులు కూడా మిగలదు, ప్లేటు ఎక్కించాలంటే గోడకి వీపు ఆనించి పక్కకి నడవాలి. షట్టర్ చుట్టుకునే డబ్బా ముందు వైపు కిందికి దిగి ఉంటుంది, అక్కడ బార్ తలపైకి ఎత్తితే దానికి తగులుతుంది. అందుకని రాక్ వెనక గోడ దగ్గరే పెట్టాలి. కింద మా ఆయన ముచ్చటపడి వేయించిన పార్కింగ్ టైల్స్. వాటి మీద డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీంచి ఎత్తే బరువు, బార్ దించితే టైల్సూ పోతాయి, కాపురమూ పోతుంది. అందుకే ముందు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద 15 మిల్లీమీటర్ల రబ్బరు. పైన రేకులు. మే నెలలో మన ఊరి ఎండ సంగతి చెప్పాలా? పొద్దున తొమ్మిది దాటితే బార్ పట్టుకోలేం, చెయ్యి చురుక్కుమంటుంది. రేకుల మీద తెల్ల పెయింట్ వేయించాక కాస్త నయం. అయినా తెల్లారి ఐదింటికే మొదలుపెట్టాలి. ఆ టైముకి సుప్రభాతం, పాలవాడు, నేను.

సామాను సంగతి ఇంకో కథ. మా ఆయన నాకు సర్‌ప్రైజ్ ఇద్దామని ఆన్‌లైన్ ఆఫర్‌లో ఒక సెట్టు తెప్పించాడు. బయట ప్లాస్టిక్, లోపల సిమెంటు నింపిన ప్లేట్లు. వాటి రంధ్రం 28 మిల్లీమీటర్లు. ఒలింపిక్ బార్‌కి ప్లేట్లు ఎక్కే కొసలు 50 మిల్లీమీటర్లు. "కొంచెం బలంగా తోస్తే పడుతుందేమో" అన్నాడు ఇంజనీరింగ్ చదివిన మనిషి. ఆ ప్లేట్లు ఇప్పుడు ఊరగాయ జాడీల మూతల మీద బరువుకి పెట్టుకుంది మా అత్త. వాటికి అంతకంటే మంచి ఉద్యోగం దొరకదు. అసలైన రాక్ జలంధర్ నుంచి లారీలో వచ్చింది. మన దేశంలో జిమ్ సామాను ఎక్కువగా తయారయ్యేది అక్కడా, మీరట్‌లోనే. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళేమో డోర్ డెలివరీ లేదు, గోడౌన్‌కి వచ్చి తీసుకోండన్నారు. ఆటో మాట్లాడుకుని, నట్లూ బోల్టులూ లెక్క చూసుకుని, నేనే బిగించాను.

బయట జిమ్‌కి పోవచ్చు కదా అని అడిగేవాళ్ళకి ఒక్కటే మాట. లేడీస్ టైమింగ్స్ పదకొండు నుంచి నాలుగు దాకా అంట! ఆ టైములో ఉద్యోగం మానేసి రావాలా? పొద్దున పోతే రాక్ ముందు నలుగురు కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటూ నిలబడి ఉంటారు, మనం బార్ ముట్టుకుంటే చాలు, "అక్కా, మీకు ట్రెడ్‌మిల్ అక్కడుంది" అని దారి చూపిస్తారు. డబ్బు కట్టి మరీ దారి చూపించుకోవాలి.

సరే, అసలు విషయానికి వస్తా. తిరుపతిలో ఇల్లున్న ప్రతి ఒక్కరికీ ఇది తెలిసిన బాధే. మన ఇల్లు ఇల్లు కాదు, సత్రం. పెళ్ళిలో ఒకసారి చూసిన మనిషి కూడా "మీరు తిరుపతే కదా!" అంటాడు. ఆ మాట వెనకే గది, టిఫిన్, స్టేషన్‌కి బండి, "దర్శనానికి ఎవరైనా తెలిసినవాళ్ళు ఉన్నారా" అన్నీ వరసగా వస్తాయి. బాబూ, 300 రూపాయల టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. నీ ఫోన్‌లోనూ, నా ఫోన్‌లోనూ అదే వెబ్‌సైట్ తెరుచుకుంటుంది. ఊర్లో ఉన్నంత మాత్రాన గోవిందుడు మాకు పక్కింటాయన అయిపోడు. ఉండడానికి రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం ఉంది, బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం ఉంది. మెట్లెక్కేవాళ్ళ సామాను అలిపిరి కౌంటర్‌లో ఇస్తే పైసా తీసుకోకుండా కొండ మీదకి చేరుస్తారు. దేవుడి దగ్గర లగేజీకి ఇంత మంచి ఏర్పాటు ఉంటే, మీ సూట్‌కేసులు నా స్క్వాట్ రాక్ కిందికి ఎందుకొస్తాయి?

హాల్లో టీవీ ఉంది, అక్కడ ఆరేయలేదు. మా మామ గదిలో మంచం ఉంది, అక్కడ ఆరేయలేదు. మా ఆయన ఆఫీస్ టేబుల్ మీద లడ్డూల సంచి పెట్టాలని ఎవరికీ తోచలేదు, "పాపం వాడు పని చేసుకుంటాడు" అన్నారు. నా జిమ్ మాత్రం ఖాళీ స్థలం. అందులో సామాను ఎంతున్నా ఖాళీ స్థలమే. ఎప్పుడో పిల్లలు పుట్టకముందు గ్రూప్-2 పరీక్షకి చదువుకోవడానికి ఒక చిన్న గది పెట్టుకున్నాను, అదీ అంతే. వైకుంఠ ఏకాదశి వచ్చింది, చుట్టాలొచ్చారు, నా పుస్తకాలు అటక ఎక్కాయి. వాటి మీద ఇప్పుడు ఇత్తడి గంగాళాలు ఉన్నాయి.

ఇందాక నేను గట్టిగా అడిగితే పెద్దనాయన ఏమన్నాడో తెలుసా? "ఆడదానివి, ఈ వయసులో ఇనుము ఎత్తడం ఏందమ్మా, పహిల్వాన్ కోడి రామ్మూర్తివా? నడక కంటే మించిన వ్యాయామం లేదు." ఎవరు చెబుతున్నారు ఈ మాట! అలిపిరి నుంచి 3550 మెట్లున్నాయి, శ్రీవారి మెట్టు నుంచి 2388 ఉన్నాయి, ఈయన ఒక్కటీ తొక్కింది లేదు. రెండో ఘాట్ రోడ్డు వేసింది 1974లో. పెద్దనాయన మోకాళ్ళు అప్పట్నుంచీ సెలవులోనే ఉన్నాయి.

నాకు కోపం ఈ పంచెల మీద మాత్రమే అనుకుంటున్నారా? 2000 సెప్టెంబర్ గుర్తుందా మీకు? సిడ్నీలో కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కేజీల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో మన దేశపు ఆడమనిషికి వచ్చిన మొదటి పతకం. మా పాత ఇంట్లో వార్తల్లో అది చూపిస్తుంటే చప్పట్లు కొట్టి "మన తెలుగు ఆడబిడ్డ" అని వీధి వీధికీ చెప్పుకొచ్చిన మనిషి ఎవరు? ఈ పెద్దనాయనే. అప్పుడు నేను కాలేజీలో షాట్‌పుట్ వేసేదాన్ని, జిల్లా మీట్‌కి పేరు కూడా ఇచ్చారు. ఆ చప్పట్ల చప్పుడు ఆగకముందే మా నాయన్ని పక్కకి పిలిచి, "భుజాలు మగపిల్లోడి భుజాలైపోతాయి, రేపు సంబంధాలు రావు, మాన్పించు" అన్నది ఎవరు? ఈయనే. మా నాయన తన అన్న మాట దాటే మనిషి కాదు. ఆ మీట్‌కి నేను పోలేదు.

ఆడవాళ్ళ షాట్‌పుట్ బరువు 4 కేజీలు. నాలుగు కేజీలకి సంబంధాలు రావంట! నిండు గ్యాస్ సిలిండర్ బరువెంతో ఎవరైనా చూశారా? లోపల గ్యాసే 14.2 కేజీలు, ఖాళీ బండ ఇంకో పదిహేను, మొత్తం 30 దాకా వస్తుంది. దాన్ని గేటు దగ్గర్నుంచి వంటింట్లోకి ఈడ్చుకొచ్చే ఆడవాళ్ళ భుజాల గురించి ఏ పెద్దమనిషీ బెంగపడడు. బియ్యం మూట 26 కేజీలు. 25 దాకా ప్యాక్ చేసిన మూటలకి 2022లో జీఎస్టీ వేస్తే, వ్యాపారులు ఒక కేజీ కలిపి 26 చేశారు. పన్ను వాళ్ళకి తప్పింది, ఆ కేజీ నా నడుముకి ఎక్కింది. ఇదెవరూ రాయరు. ఆ మూట ఎత్తితే ఇల్లాలు, బార్ ఎత్తితే కోడి రామ్మూర్తి.

ఇంకా వినండి. రాత్రి వీళ్ళు దిగినప్పుడు కారు డిక్కీలోంచి రెండు పెద్ద సూట్‌కేసులు దించాలి. వాళ్ళబ్బాయి, నాకు తమ్ముడే, ఫోన్‌లో ఉన్నాడు. పెద్దనాయన నన్ను చూసి అన్న మాట: "ఏమ్మా, నువ్వు ఎత్తగలవు కదా, నా నడుము పట్టేసింది." దించాను. పైకి కూడా మోశాను. అప్పుడు గుర్తురాలేదు ఈయనకి నేను ఆడదాన్నని.

ఎముకల డాక్టర్ ఈ ఊర్లోనే నాకు చెప్పింది, నలభై దాటాక ఆడవాళ్ళకి నడక ఒక్కటీ చాలదు, ఎముకలు గుల్లబారకుండా ఉండాలంటే బరువులతో వ్యాయామం కావాలని. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని పెట్టమనే చెబుతోంది. కానీ మనింట్లో డాక్టర్ కంటే పెద్ద డాక్టర్లు సోఫాలో కూర్చుని ఉంటారు. మా అత్త మాత్రం ఈ మధ్య చప్పుడు చేయకుండా షెడ్డులోకి వచ్చి, బెంచి మీద కూర్చుని లేవడం చేస్తోంది, మోకాళ్ళకి. ఎవరితో చెప్పొద్దంది. చెప్పేశాను, సారీ అత్తా.

షట్టర్‌కి కొత్త తాళం తెప్పించాను. చెవి నా దగ్గరే ఉంటుంది. కారు పెట్టుకోవాలంటే వీధి చాలా పొడుగుంది, వేపచెట్టు నీడ కూడా ఉంది, పూలు రాలుతాయి, అంతే. ఊడిన రబ్బరు పూతకి డబ్బులు నేను అడగను, మా ఆయన అడుగుతాడు. ఈ సంగతి ఆయనకి ఈ పోస్ట్ చదివాకే తెలుస్తుంది.

ఇక "పోనీలే అక్కా, పెద్దవాళ్ళు కదా, సర్దుకుపోండి" అని రాయబోయే మంచివాళ్ళు దయచేసి పక్కనే మీ ఇంటి అడ్రస్ కూడా రాయండి. వచ్చే శనివారం మా చిన్నాయన వాళ్ళ బ్యాచ్ దిగుతోంది, పిల్లలతో కలిపి ఒక టెంపో ట్రావెలర్ నిండా. నేరుగా అక్కడికే పంపిస్తాను.