సంచీకి జరిమానా, షీటుకు సబ్సిడీ

అనంతపురంలో కూరగాయల బండి మీద పల్చటి కవరు దొరికితే జరిమానా. 120 మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న క్యారీబ్యాగు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం. ఆ కవర్లో పడే టమాటా పండిన చేలో మాత్రం మొక్కల చుట్టూ నేలను కప్పే 20, 25 మైక్రాన్ల ప్లాస్టిక్ మల్చింగ్ షీటు ఎకరాల కొద్దీ పరిచి ఉంటుంది. అది క్యారీబ్యాగు కాదు కాబట్టి ఆ నిబంధన దానికి తగలదు. పైగా సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద రైతుకు 2 హెక్టార్ల దాకా షీటు ఖర్చులో సగం సబ్సిడీగా వస్తుంది.

షీటు వల్ల మేలు లేదని ఎవరూ అనలేరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని జిల్లా ఇది. షీటు తడి ఆరనివ్వదు, కలుపు కూలీ తగ్గిస్తుంది, వెండి రంగు వైపు పైకి పెడితే తామర పురుగు, తెల్లదోమ ఉధృతి కొంత తగ్గుతుంది. చిక్కంతా పంట అయిపోయాక మొదలవుతుంది.

లెక్క చూద్దాం. 1.2 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల పొడవున్న 25 మైక్రాన్ల రోలు సుమారు 11 కిలోలు తూగాలి. సాళ్ల మధ్య 5 అడుగులు పెడితే ఎకరాకు 2,700 మీటర్లు, అంటే ఏడు రోళ్లకు కాస్త తక్కువ, దాదాపు 75 కిలోల ప్లాస్టిక్. అదీ నాలుగు నెలల టమాటాకు. అంగట్లో రోలు అమ్మేది మీటర్ల లెక్కన, కిలోల లెక్కన కాదు. మందం తగ్గించినా కొనేవాడికి కంటితో తెలియదు. లోపలి గొట్టం బరువు తీసేశాక రోలు 9 కిలోలే తూగితే చేతికొచ్చింది 25 కాదు, 20 మైక్రాన్లని అర్థం. కాటా ఒక్కటి చాలు, ల్యాబు అక్కర్లేదు.

పల్చటి షీటు ఎండకు పెళుసెక్కుతుంది. కోత అయ్యాక కట్టెలు, దారాలు, డ్రిప్పు పైపులు తీసి, అంచు పట్టి లాగితే మొక్కకోసం పెట్టిన రంధ్రం దగ్గరే చిరుగుతుంది. గాలికి లేవకుండా రెండు వైపులా జానెడు లోతున మట్టి కప్పిన అంచులు లోపలే ఉండిపోతాయి. ఆపైన రోటవేటర్ దిగుతుంది. కొంత బ్లేళ్ల ఇరుసుకు చుట్టుకుంటుంది, మిగతాది ముక్కలై మట్టిలో కలిసిపోతుంది. పైకొచ్చింది గట్టు మీద కాలుతుంది, లేదా కంపచెట్లకు వేలాడుతుంది.

అదే చేలో పాత డ్రిప్పు పైపు ఒక్కటీ మిగలదు. గుజిరీ వాళ్లు ఇంటికొచ్చి కొనుక్కుపోతారు. మందం ఉంది, శుభ్రంగా ఉంది, బరువు తూగుతుంది. షీటుకేమో అంటిన మట్టే ఒక్కోసారి షీటంత బరువు ఉంటుంది. కడిగితే తప్ప కరిగించడానికి పనికిరాదు. నీళ్లు ఆదా చేయడానికి పరిచినదాన్ని కడగడానికి ఈ జిల్లాలో నీళ్లెక్కడివి? రీసైక్లింగే పరిష్కారమని చెప్పేవాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఆగాలి. ప్రపంచం మొత్తం మీదా పరిస్థితి ఇంతే. 2019లో దాదాపు 46 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వాడితే, ఆ ఏడాది వ్యర్థాల్లో రీసైకిల్ అయింది 9 శాతం. తయారీకి పరిమితి పెట్టాలా వద్దా అన్న దగ్గరే 2024లో బుసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో ఐక్యరాజ్య సమితి ప్లాస్టిక్ ఒప్పందం కుదరకుండా పోయింది. ఆ పరిమితికి మన దేశమూ ఒప్పుకోలేదు. పైన తగ్గించరు సరే, వాడకంలో ఎక్కడ తగ్గించవచ్చో చూడాలి కదా.

చీనీ (బత్తాయి), దానిమ్మ తోటల్లో షీటు మానేయవచ్చు. చీనీ 20 అడుగుల ఎడంతో వేస్తే ఎకరాకు 110 చెట్లు. పాదు మీటరు వ్యాసార్ధంలో 3 అంగుళాల మందాన వేరుశనగ పొట్టు కప్పాలంటే ఎకరాకు రెండున్నర టన్నులు సరిపోతుంది. ఈ జిల్లాలో పొట్టుకు కరువు లేదు, బాయిలర్లకు పోయేదాంట్లో కొంత ఇటు మళ్లాలి. రెండు జాగ్రత్తలు: మొదలుకు జానెడు దూరం వదలాలి, లేకపోతే తడి నిలిచి బంక కారు తెగులు ముదురుతుంది. చెదలు ఉన్న ఎర్రనేలల్లో వారానికోసారి పొట్టు కదిపి చూడాలి.

టమాటా, కళింగర (పుచ్చకాయ) సాళ్లకు ఇదే పద్ధతి నడవదు. బోదె పైభాగం మొత్తం అంతే మందాన కప్పాలంటే ఎకరాకు పది టన్నులు దాటుతుంది, బండి బాడుగే రైతును ముంచుతుంది. ఇక్కడ షీటు ఉండాల్సిందే, కానీ 30 మైక్రాన్లది, రెండు పంటలకు. 15 మైక్రాన్లది ఎకరాకు 45 కిలోలు పట్టి ఒక్క పంటకే చిరిగిపోతుంది. 30ది 90 కిలోలు పట్టినా రెండు పంటలకు పంచితే అదే 45. తేడా ఏమిటంటే ఇది లాగితే చేతికొస్తుంది. టమాటా మొక్కను పీకకుండా నేల మట్టానికి కోసేసి, పాత రంధ్రాల మధ్య కళింగర పెట్టుకోవచ్చు. రెండో పంటకు దుక్కి ఎరువు వేయడానికి ఉండదు, ఎరువంతా నీటిలో కలిపే వెంచూరి అనే పరికరం ద్వారా డ్రిప్పులోనే ఇవ్వాలి.

మట్టిలో కలిసిపోతుందని అమ్మే షీటు విషయంలో మోసపోవద్దు. ‘కంపోస్టబుల్’ ముద్ర అంటే కంపోస్టు ప్లాంట్‌లో ఉండేలాంటి 58 డిగ్రీల వేడి దగ్గర చేసిన పరీక్ష, చేనులో చేసింది కాదు. త్వరగా విరిగిపోయేలా రసాయనం కలిపిన ‘ఆక్సో’ రకం కరగదు, ముక్కలవుతుంది. యూరోపియన్ యూనియన్ 2021లోనే దాన్ని నిషేధించింది.

కంపెనీల మీద బాధ్యత పెట్టే 2022 నాటి నిబంధనలు ప్యాకింగ్ ప్లాస్టిక్ వరకే. షీటు ప్యాకింగ్ కాదు కాబట్టి తయారు చేసినవాడికి వెనక్కి తీసుకోవాల్సిన అవసరం లేదు. ఈ లోటు ఢిల్లీలో పూడేదాకా జిల్లా ఉద్యాన శాఖ చేయగలిగినది ఒకటుంది: 30 మైక్రాన్లకు తక్కువైతే సబ్సిడీ ఆపడం, ఇచ్చే సబ్సిడీలో మూడో వంతు పంట అయ్యాక పాత షీటును రైతు సేవా కేంద్రంలో తూచి ఇవ్వడం. మట్టి ఉంటే ఎలా అని అధికారులు అడగవచ్చు. మట్టితోనే తూచండి. 90 కిలోలు పరిచిన ఎకరా నుంచి మట్టితో కలిపి కూడా 90 రాలేదంటే మిగతాది చేలోనే ఉన్నట్టు.