రైడ్ ఆగింది సరే, ఆ గంట ఎవరి ఖాతాలో?

జులైలో ఓర్లాండోలో మధ్యాహ్నం మూడు దాటాక ఏ థీమ్ పార్కులో ఉన్నా సరే, ఫోన్‌లో యాప్ తెరిస్తే పెద్ద రైడ్లలో ఒకటో రెండో 'తాత్కాలికంగా మూసివేత' అని కనిపిస్తాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పిల్లల బడి సెలవులు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చే సీజను, ఫ్లోరిడాలో ఉరుములు మెరుపుల కాలం మూడూ కలిసే వస్తాయి. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఆరుగురు బయల్దేరి, హోటల్, అద్దె కారు, టికెట్లు అన్నీ కట్టుకుని వస్తే, ఏ రైడ్ కోసమని పిల్లలు ఆర్నెల్లుగా కలవరిస్తున్నారో అదే ఆగిపోయి ఉంటుంది.

అప్పుడు ఇంట్లోవాళ్లు రెండు వర్గాలవుతారు. "మన టైమ్ బాగాలేదు, పదండి" అనేవాళ్లు కొందరు. "ఇంత డబ్బు గుంజుతారు, ఒక రైడ్ సరిగ్గా నడపలేరా" అని గేటు దగ్గర నిలబడ్డ కుర్ర ఉద్యోగి మీద విరుచుకుపడేవాళ్లు ఇంకొందరు. నాకు ఈ రెండూ నచ్చవు. రైడ్ ఆగడం మన ఖర్మా కాదు, చాలాసార్లు పార్కు చేతకానితనమూ కాదు. అసలు అడగాల్సింది వేరే ఉంది. ఆగిన ఆ గంటన్నర నష్టాన్ని ఎవరు మోస్తున్నారు?

ముందు రైడ్ ఎందుకు ఆగుతుందో చూద్దాం. రోలర్ కోస్టర్ ట్రాక్‌ను కొన్ని బ్లాకులుగా విభజిస్తారు. ఒక బ్లాకులో ఒక బండే ఉండాలి. ముందు బండి బ్లాకు దాటిందని సెన్సర్ చెబితేనే వెనక బండికి దారి దొరుకుతుంది. రైల్వే నుంచి వచ్చిన పద్ధతే ఇది. సెన్సర్ నుంచి సిగ్నల్ రాకపోయినా, ఒక బండి ఉండాల్సిన టైముకు ఉండాల్సిన చోట లేకపోయినా, కంప్యూటర్ ఇంకేం ఆలోచించదు. అన్ని బండ్లనూ బ్రేకులున్న చోట్ల ఆపేస్తుంది. అది నిజంగా లోపమా, సెన్సర్ మీద పడ్డ దుమ్మా అన్నది మనుషులు వచ్చి తేల్చాలి. కొన్నిసార్లు కారణం మనమే. ఎవరి ఫోనో ట్రాక్ మీద పడుతుంది, ఎవరో సెల్ఫీ కోసం సీట్లోంచి లేస్తారు, ఒక టోపీ ఎగిరి పడకూడని చోట పడుతుంది. డిస్నీ స్టాఫ్ మాటల్లో ఒక రైడ్ '101' అయిందంటే ఆగిపోయిందని అర్థం. ఆ మాట వాళ్ల నోట రోజూ నలుగుతూనే ఉంటుంది.

కొత్తగా, సంక్లిష్టంగా కట్టిన రైడ్లు తరచుగా ఆగుతుంటాయి. డిస్నీ హాలీవుడ్ స్టూడియోస్‌లో 2019 డిసెంబరు 5న తెరిచిన 'రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్' ఒక్కటే నాలుగు రకాల రైడ్ వ్యవస్థలను కలిపి కట్టింది. అందులో పట్టాలు లేకుండా నేల మీద తిరిగే బండ్లున్నాయి, కిందికి జారే లిఫ్టులాంటి ఏర్పాటుంది. వీటిలో ఒకటి మొరాయిస్తే మొత్తం రైడే ఆగిపోవచ్చు. ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ పార్కులో హ్యాగ్రిడ్ మోటార్‌బైక్ కోస్టర్‌ది ఇంకో కథ. ఏడు చోట్ల బండికి వేగం అందించే లాంచ్‌లు, వెనక్కి పరుగెత్తే భాగం, ఉన్నట్టుండి కిందికి పడే ట్రాక్. 2019 జూన్ 13న తెరిచిన రోజున క్యూ పది గంటల దాకా పోయింది. తర్వాత కొంతకాలం దాన్ని పొద్దున్నే తెరవలేక, రిపేర్లూ టెస్టింగూ అయ్యాక మధ్యాహ్నం నుంచి నడిపారు. డిస్నీవాళ్ల ఎప్‌కాట్ పార్కులో టెస్ట్ ట్రాక్ అనే కార్ల రైడ్ కథ అంతకన్నా పాతది. 1997లో తెరవాల్సిన రైడ్ 1999కి గానీ జనానికి అందలేదు. ఆ తర్వాత కూడా వాన పడితే ఆగడం దానికి మామూలే.

మెరుపుల సంగతి వేరే చెప్పాలి. ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం మబ్బు పట్టడం ఇంచుమించు రోజువారీ కార్యక్రమం. దగ్గర్లో మెరుపు పడితే చాలు, బయట తిరిగే రైడ్లన్నీ ఆపేస్తారు. స్లింకీ డాగ్, సెవెన్ డ్వార్ఫ్స్ కోస్టర్లు, టెస్ట్ ట్రాక్ అన్నీ వరసగా మూతపడతాయి. దీనికి పార్కును తిట్టడం అన్యాయం. చుక్క వాన పడకుండానే ఆపారని కోప్పడేవాళ్లు ఇనుప ట్రాక్ మీద, అంత ఎత్తున కూర్చుని మెరుపును చూస్తే ఏమంటారో మరి!

ఆపకపోతే ఏమవుతుందో 2015 జూన్ 2న ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ పార్కు చూపించింది. ఆ రోజు 'స్మైలర్' కోస్టర్‌లో ఏదో లోపం వచ్చి సరిచేశారు. ట్రాక్ మీదికి అదనంగా ఒక బండిని తెచ్చి, ఖాళీ బండితో టెస్ట్ నడిపారు. గాలి ఎక్కువగా ఉంది. ఖాళీ బండి ఒక మలుపు ఎక్కలేక వెనక్కి జారి పల్లంలో నిలిచిపోయింది. కంప్యూటర్ అది గమనించి, జనం ఉన్న వెనక బండిని సరిగ్గానే ఆపేసింది. ట్రాక్ ఖాళీగానే ఉందనుకున్న ఇంజనీర్లు, కంప్యూటర్‌దే పొరపాటని భావించి దాని ఆదేశాన్ని పక్కనపెట్టి ఆ బండిని ముందుకు పంపించారు. అందులో 16 మంది ఉన్నారు. అది వెళ్లి పల్లంలోని ఖాళీ బండిని గుద్దింది. ఇద్దరమ్మాయిలు చెరో కాలు పోగొట్టుకున్నారు. 2016 సెప్టెంబరులో కోర్టు ఆ పార్కును నడిపే సంస్థకు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. క్యూలో నిలబడి "ఇంకెంతసేపు" అని విసుక్కునే ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది ఆ రోజే. అక్కడ యంత్రం తన పని తాను చేసింది. రైడ్‌ను త్వరగా నడిపించేయాలన్న తొందరే కొంప ముంచింది.

అయితే ఆగడంలోనూ తేడాలున్నాయి. 2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్‌లో ఒక రైడ్ ఆగిపోయి జనం కొంతసేపు తలకిందులుగా వేలాడిపోయారు. అది భద్రత కోసం ఆగడం అనిపించుకోదు. ఆగితే మనుషులను ఎలా దింపాలో ముందే ఆలోచించి, పక్కన మెట్లూ నడకదారీ కట్టి, స్టాఫ్‌కు తర్ఫీదు ఇచ్చిన చోట ఆగడం వేరు, ఆగాక ఏం చేయాలో వెతుక్కోవడం వేరు. ఓర్లాండోలో లైట్లు వేసి, వరసగా నడిపించి బయటికి తెస్తారు. పిల్లలకైతే రైడ్ లోపలి తెర వెనక భాగం చూసే ఛాన్స్ దొరుకుతుంది, కొందరికి అదే పెద్ద సరదా.

ఇక్కడిదాకా పార్కు పక్షానే మాట్లాడాను. డబ్బు లెక్క దగ్గరికి వస్తే మాత్రం నా పక్షం మారుతుంది.

గంటకు 1,500 మందిని ఎక్కించే రైడ్ నలభై నిమిషాలు ఆగిందనుకుందాం. వెయ్యి మందికి దక్కాల్సిన వంతు ఎగిరిపోయింది. ఆ వెయ్యి మందీ గాల్లో కలిసిపోరు కదా, పక్క రైడ్ల క్యూల్లోకి చేరతారు. డిస్నీవాళ్ల మరో పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రైడ్లు ఎక్కువ కాబట్టి ఆ తాకిడి సర్దుకుంటుంది. హాలీవుడ్ స్టూడియోస్‌లో మొత్తం రైడ్లే పదికి లోపు. ఒక పెద్దది ఆగితే పార్కంతా కిక్కిరిసిపోతుంది. దూరం నుంచి వచ్చి ఒక్క రోజే గడిపేవాళ్లు ఏ పార్కు ఎంచుకోవాలో తేల్చుకునే ముందు ఈ లెక్క చూసుకోవడం మంచిది.

తర్వాత జరిగేది ఇంకా ముఖ్యం. 2021 అక్టోబరు నుంచి డిస్నీ వరల్డ్ తక్కువ నిరీక్షణను విడిగా డబ్బుకు అమ్ముతోంది. ఇప్పుడు దాన్ని లైట్నింగ్ లేన్ పాస్ అంటున్నారు. అందులో అన్నిటికన్నా ఖరీదైన ప్రీమియర్ పాస్ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రద్దీ రోజుల్లో ఒక మనిషికి 449 డాలర్ల దాకా పోయింది. పార్కు టికెట్ మళ్లీ వేరే. ఒక్కో రైడ్‌కు ముందే టైము స్లాట్ బుక్ చేసుకునే మల్టీ పాస్ కొన్నవాళ్ల స్లాట్ టైములో రైడ్ ఆగితే, వాళ్ల పాస్ దానంతటదే మారిపోయి మరికొన్ని రైడ్లలో ఎక్కడైనా చెల్లుతుంది. వినడానికి ఇది బాగానే ఉంది. మామూలు క్యూలో ఉన్నవాళ్ల వైపు నుంచి చూడండి. రైడ్ మళ్లీ మొదలవగానే, ఆగిన టైములో పోగుపడ్డ పాస్‌వాళ్లంతా ఒక్కసారిగా వస్తారు. వాళ్లను ముందు పంపాలి. మామూలు క్యూ కదలదు. బోర్డు మీద 60 నిమిషాలని ఉంటుంది, జరిగేది రెండు గంటలు. అంటే ఆగినప్పుడు ఒకసారి, మొదలయ్యాక ఇంకోసారి, పాస్ కొననివాడే నష్టపోతున్నాడు. రైడ్ మళ్లీ తెరుచుకోకపోతే పాస్ కొన్నవాడికి దక్కేది కూడా అతను కోరుకున్న రైడ్ కాదు, దాని బదులు ఇంకోటి. పార్కు చేతికి వచ్చిన డబ్బు మాత్రం ఎక్కడికీ పోదు.

డిస్నీయే ఒకప్పుడు ఇంతకన్నా నిజాయితీగా ఉండేది. రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్ కొత్తలో పొద్దున్నే యాప్‌లో గ్రూప్ నంబరు తీసుకోవాలి. కొన్ని నంబర్లు దాటాక వచ్చేవాటిని 'బ్యాకప్ గ్రూప్' అని ముందే చెప్పేవారు. రైడ్ ఆగకుండా నడిస్తే మీ వంతు రావచ్చు, లేకపోతే లేదు. ఆ పద్ధతిలో నిద్ర లేవగానే టెన్షన్ ఉండేదన్నది నిజమే. కానీ రైడ్ ఆగుతుందన్న సంగతి దాచలేదు. ఇప్పుడున్న క్యూ బోర్డు మీది అంకెలో ఆగే అవకాశం ఎక్కడా కనబడదు.

క్యూలో ఉండగా ఆగితే ఏం చేయాలన్నది ప్రతి కుటుంబానికీ ఎదురయ్యే చిక్కు. "గంట నిలబడ్డాం, ఇప్పుడెళ్లిపోతే అదంతా వృథా" అన్న ఆలోచన అందరినీ కట్టేస్తుంది. పోయిన గంట ఎలాగూ పోయింది, రాబోయే గంట సంగతే చూడాలి. స్టాఫ్‌ను "ఎప్పుడు మొదలవుతుంది" అని అడిగితే సాధారణంగా వాళ్లకూ తెలియదు. దానికన్నా కళ్లతో చూడగలిగేవి కొన్నున్నాయి. ఖాళీ బండ్లు వరసగా తిరుగుతుంటే అది టెస్టింగ్, కాసేపట్లో మొదలయ్యే అవకాశం ఎక్కువ. క్యూ గేటు మూసేసి కొత్తవాళ్లను రానివ్వకపోతే, లోపలివాళ్లను దింపి నడిపించుకొస్తుంటే, అది పెద్ద పనే. బిల్డింగ్ లోపలికి చేరి, ఏసీలో, చివరి మలుపులో ఉంటే ఆగొచ్చు. అరవై ఐదేళ్ల నాన్నతో ఎండలో క్యూ మొదట్లో ఉంటే బయటికి రావడమే తెలివి. ఈ విషయంలో పిల్లల ఏడుపు కన్నా పెద్దవాళ్ల మోకాళ్ల మాట వినాలని నా అభిప్రాయం.

పొద్దున గేటు తెరవగానే పెద్ద రైడ్‌కు పరుగెత్తమని అందరూ చెప్పే సలహా. అదే రైడ్ ఆ పొద్దున ఆలస్యంగా తెరుచుకునే సందర్భాలూ తక్కువేం కాదు. అందుకే దానికి దగ్గర్లో ఉన్న రెండో రైడ్‌ను ముందే అనుకుని పెట్టుకోవాలి. ఇష్టమైనదాన్ని ఆఖరి గంటకు వదలడం మాత్రం జూదమే. నాలుగింటికి వాన రాగానే మనవాళ్లు చాలామంది పార్కింగ్ వైపు నడుస్తారు. వాన వెలిశాక తెరిచే రైడ్లకు సాయంత్రం క్యూలు పొట్టిగా ఉంటాయి. మధ్యాహ్నం హోటల్‌కు వెళ్లి, భోంచేసి, కాస్త నడుం వాల్చి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ రైడ్లు ఎక్కుతారు.

ఫిర్యాదు చేయాలనుకుంటే రైడ్ గేటు దగ్గర కాదు. డిస్నీలో నీలం గొడుగుల కింద గెస్ట్ ఎక్స్‌పీరియన్స్ స్టాఫ్ ఉంటారు, యూనివర్సల్‌లో గెస్ట్ సర్వీసెస్ ఉంది. ఏ రైడ్, ఎన్ని గంటలకు, ఎంతసేపు అన్నది చెప్పి, "రేపు మేం ఉండం, దీనికోసమే వచ్చాం" అని నెమ్మదిగా అడిగితే ఏదో ఒక దారి చూపించే అవకాశం ఉంది. ఇస్తారన్న గ్యారంటీ లేదు. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. అడిగినవాడికి దక్కుతుంది, ఇంగ్లిష్‌లో ధైర్యంగా వాదించలేని పెద్దాయనకు దక్కదు.

పార్కులు బయటపెట్టని లెక్కలు బయటివాళ్లు కడుతున్నారు. యాప్‌లోని సమాచారాన్ని రోజంతా సేకరించి, ఏ రైడ్ ఎంతసేపు ఆగిందో చూపించే స్వతంత్ర వెబ్‌సైట్లు ఉన్నాయి. ప్రయాణానికి ముందు అవి చూడటం మంచిదే. కానీ అది పార్కు చేయాల్సిన పని. అమెరికాలో విమానాలు ఎంత ఆలస్యమయ్యాయో ప్రభుత్వం నెలనెలా ప్రకటిస్తుంది, మన దగ్గర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా ఇస్తుంది. ఫ్లోరిడా చట్టంలోనేమో వెయ్యి మందికి పైగా ఉద్యోగులు, సొంత ఇన్‌స్పెక్టర్లు ఉన్న పార్కులకు రాష్ట్ర తనిఖీల నుంచి మినహాయింపు ఉంది. పెద్ద గాయాలైతే మూడు నెలలకోసారి రాష్ట్రానికి చెబుతారు. రైడ్ ఎన్ని గంటలు ఆగిందన్నది ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇలా అంటే, ఆగిన గంటలు ప్రకటించమంటే పార్కులు ఆపాల్సినప్పుడు కూడా ఆపకుండా నడుపుతాయేమోనన్న భయం ఒకటుంది. స్మైలర్ ఉదంతం తర్వాత ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అందుకే మెరుపులకు, భద్రత కోసం ఆగిన టైమును వేరుగా చూపించాలి, దానికి ఏ జరిమానా ఉండకూడదు.

పాస్ డబ్బు విషయంలో ఆ ఇబ్బంది కూడా లేదు. కొన్న టైములో రైడ్ నడవకపోతే ఆ డబ్బు కావాలా, వేరే రైడ్ కావాలా అని యాప్‌లోనే అడగాలి. ఎవరూ గొడుగు కిందికి వెళ్లి బతిమాలే పరిస్థితి ఉండకూడదు. ఏ రైడ్ ఏ నిమిషానికి ఆగిందో, ఆ నిమిషంలో ఎవరెవరి పాస్ ఉందో పార్కు కంప్యూటర్‌కు ఇప్పటికే తెలుసు. పాస్‌ను వేరే రైడ్లకు మారుస్తున్నది అదే కదా!