పోపు గరిటె, క్లచ్ కేబుల్

లారీని మరలతో సహా విప్పి, సాయంత్రానికి మళ్లీ బిగించి పంపే ఆటోనగర్ ఉన్న ఊళ్లో ఉంటూ, మా బాబాయి తన యెజ్డీ మోటారు సైకిల్‌కి క్లచ్ కేబుల్ ఇంట్లోనే చేసుకుంటాడు. 1996లో మైసూరు కర్మాగారం మూతపడ్డాక ఆ బండికి మిగిలిన దగ్గరి బంధువు తానేనని ఆయన నమ్మకం. కొట్లో కేబుల్ చూపిస్తే చాలు, "టంకం పైపైన పూశాడు, వారంలో ఊడుతుంది" అని పెదవి విరుస్తాడు.

అందులో నిజం లేకపోలేదు. కేబుల్ లోపలుండే ఇన్నర్ వైరు కొసను నిపిల్‌లో, అంటే కొసకు అతికించే చిన్న లోహపు దిమ్మలో, దూర్చి ఊరికే టంకం వేస్తే, గట్టిగా లాగినప్పుడు జారి వచ్చేస్తుంది. పోగులు విడదీసి, నలువైపులా వంచి, ఇత్తడి నిపిల్ గుంటలో కూర్చోబెట్టి, అప్పుడు కరిగిన టంకంలో ముంచాలి. వేడి మితిమీరితే ఉక్కు పోగులు మెత్తబడి పట్టు పోతుంది. తగరం, సీసం కలిసిన టంకం 190 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి పెద్ద కొలిమి అక్కరలేదు, ఇంట్లో పొయ్యి చాలు. కావలసిందల్లా లోతుగా, పొడుగు కాడతో ఉండే చిన్న ఇనుప పాత్ర. అలాంటిది ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

"ఏమండీ, నా పోపు గరిటెలో ఏమిటది?" అంది పిన్ని గుడి నుంచి వస్తూనే.

"టంకం. ఇకమీదట దీన్ని వంటకు వాడకు, సీసం విషం" అన్నాడు బాబాయి, ఎంతో బాధ్యతగా.

నేను పెరట్లోకి జారుకున్నాను. అక్కడ బట్టల తీగకు కేబుల్ అవుటర్, అంటే ఇన్నర్ వైరు దూరే పై గొట్టం, వేలాడుతోంది. పై కొసకు ప్లాస్టిక్ సంచి గరాటుగా కట్టి ముందురోజు రాత్రే నూనె పోశాడట. నూనె లోపలంతా చక్కగా దిగింది. దిగి, కింది కొస నుంచి పక్కనే ఆరేసిన మంగళగిరి చీర అంచు మీదికి చేరింది.

లోపల బాబాయి రెండో నిపిల్ కూడా అతికించి, పటకారుతో లాగి చూపించాడు. "ఏనుగు లాగినా ఊడదు!"

నిజమే, ఊడదు. చిక్కంతా అక్కడే. రెండు కొసలకూ నిపిల్ పడ్డ ఇన్నర్ ఆయన చేతిలో ఉంది, అది ముందుగా దూరవలసిన అవుటర్ పెరట్లో ఉంది. కోస్తే పొడవు చాలదు. కరిగించి తీయాలంటే గరిటె కావాలి. గరిటె అప్పటికి పిన్ని చేతిలో ఉంది, రెండో చేతిలో చీర ఉంది.

"ముందు మంగళగిరి వెళ్లి ఇలాంటి చీర తెద్దాం, బయల్దేరండి."

"క్లచ్ కేబుల్ లేదు కదా పిన్నీ" అన్నాను, ఆయన్ని గట్టెక్కిద్దామని.

బాబాయి ముఖం వెలిగిపోయింది. "జావా వంశం బండి రా ఇది! గేరు లివర్ నొక్కితే లోపల క్లచ్ దానంతటదే విడుతుంది. కేబుల్ తెగినా ఇంటికి చేరుస్తుంది."

"అంటే ఇది లేకపోయినా బండి నడుస్తుందన్నమాట."

"దర్జాగా!"

"మరి నా గరిటె ఏం పాపం చేసిందండీ?"

మంగళగిరికి పిన్ని ఆర్టీసీ బస్సులో వెళ్లింది. బాబాయి డబ్బు సంచితో వెనకాలే బయల్దేరాడు, గేరు మార్చినప్పుడల్లా ఒక కుదుపు కుదుపుతూ.