బంగాళాఖాతం బాకీ

విశాఖపట్నంలో అద్దె ఇంట్లో దిగబోయే సోదర సోదరీమణులకు నాలుగు మంచి మాటలు చెప్పే అర్హత నాకు పోయిన నెలలోనే వచ్చింది. పెదవాల్తేరులో నాలుగేళ్లు అద్దెకుండి, ఖాళీ చేసి, కట్టిన మూడు నెలల అడ్వాన్సులో ఒక నెలది చేతికి తీసుకుని బయటపడ్డాను. మిగతా రెండు నెలలదీ ఎందుకు ఆగిపోయిందో మా ఓనరు గారు తెల్లకాగితం మీద మార్జిను కొట్టి మరీ రాసిచ్చారు. ఒకటి, గోడలకు రంగులు: ఒక నెల అద్దె. రెండు, మేకు రంధ్రాలు: ఐదు. మూడు, కిటికీ ఊచల తుప్పు. రెండూ మూడూ కలిపి ఇంకో నెల అద్దె.

మూడోది మళ్లీ చదవండి. నేనైతే నిలబడి చదివి, కూర్చుని చదివి, మా ఆవిడ చేత కూడా చదివించాను.

ఆ ఇంటి బాల్కనీ నుంచి సముద్రం కనిపిస్తుంది. కనిపించడం అంటే మా ఊరి అద్దె ఇళ్లలో వేరే అర్థం. బాల్కనీ కుడి మూలకు వెళ్లి, కమ్మీ గట్టిగా పట్టుకుని, నడుం దాకా బయటికి వంగి, ఎదురింటి వాటర్ ట్యాంకుకీ పక్కింటి కొబ్బరిచెట్టుకీ మధ్య చూడాలి. జేబురుమాలంత నీలం. దానికి 'సీ వ్యూ' అని పేరుపెట్టి నెలకు రెండు వేలు ఎక్కువ వసూలు చేశారు. కాబట్టి సముద్రం ఓనరు గారిదేనని నేను అమాయకంగా నమ్మాను. అద్దె పుచ్చుకునేటప్పుడు ఆయనది, తుప్పు పట్టాక నాది అని అప్పుడు తోచలేదు.

తనిఖీ రోజు సంగతి చెప్పాలి. పట్టపగలు పదకొండు గంటలకు ఆయన టార్చిలైటుతో వచ్చారు. వెనకాల నోటుపుస్తకంతో మేడమ్ గారు. కిటికీ దగ్గర ఆగి, ఊచ మీద వేలు రాసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టారు.

"ఏటండీ ఇది?"

"తుప్పండి."

"ఎలాగొచ్చింది?"

"సముద్రం గాలండి. ఉప్పు తేమ కదా, ఇనుముని తినేస్తుంది."

"సముద్రం మీరు రాకముందూ ఉంది కదండీ?"

ఈ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. సముద్రం నిజంగానే నేను రాకముందు నుంచీ ఉంది.

"హుద్‌హుద్‌కే చెక్కుచెదరని ఊచలండీ ఇవి!" అన్నారాయన, గొంతులో జీరతో. 2014 అక్టోబరు 12న ఆ తుపాను ఈ ఊరిని ఏం చేసిందో ఇక్కడున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, ఎయిర్‌పోర్టు పైకప్పు చిరిగిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు. అంతటి హుద్‌హుద్ పీకలేకపోయిన ఊచల్ని నేనూ, నా భార్యా, స్కూలుకెళ్లే ఒక పిల్లా కలిసి, పక్కన కూర్చుని ఊపిరి పీల్చి తుప్పు పట్టించామన్నమాట.

"తడి తువ్వాళ్లు ఆరేశారా దీని మీద?" అని మేడమ్ గారు అడిగారు.

"ఆరేశామండి."

"అదీ!" అన్నారిద్దరూ ఒక్కసారే. నోటుపుస్తకంలో పడింది.

అక్కణ్ణుంచి బాత్‌రూమ్ తలుపు బందులు, పెరటి గొళ్లెం, గేటు చిలుకు. ప్రతిచోటా వేలు రాయడం, నాకు చూపించడం. గేటు దగ్గర కొత్తగా వేలాడదీసిన టులెట్ బోర్డు కూడా అంచుల్లో ఎర్రగా ఉంది. దాన్ని ఎక్కడ నా లెక్కలో రాస్తారోనని చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాను. దాని మీద తువ్వాలు ఆరేయలేదని నిరూపించుకోవడం కష్టం.

విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు. విశాఖ తుప్పు మాత్రం అద్దెకున్నవాడి బాధ్యత.

ఈ విషయంలో మన పెద్దలు ముందే ఆలోచించారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో, అద్దెకున్నవాడు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలని ఉంది. అయితే మామూలు వాడకంలో వచ్చే అరుగుదల, మనిషి ఆపలేని శక్తి వల్ల వచ్చే మార్పు మినహాయింపు. ఆపలేని శక్తి! బాల్కనీలోంచి వంగి చూస్తే ఎదురుగా అదే. కేంద్ర మంత్రివర్గం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకా వివరంగా పంచింది: సున్నాలు, తలుపులకూ కిటికీలకూ రంగులు ఓనరు పని, కుళాయి వాషర్లు, స్విచ్చులు అద్దెకున్నవాడి పని. నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదంది. నమూనా అంటే నమూనాయే అనుకోండి, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. నేను ఈ రెండు చట్టాలూ ఫోనులో తీసి మా ఓనరు గారికి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివి, "ఇవన్నీ ఢిల్లీలో అండి," అన్నారు.

సలహాలు ఇస్తానన్నాను కదా, ఇచ్చేస్తాను. పాలు పొంగించకముందే ఫోను తీసి, తేదీ కనబడేలా ప్రతి గోడకీ, ప్రతి ఊచకీ, ప్రతి బందుకీ ఫొటో తీయండి, వీడియో అయితే మరీ మంచిది, అది ఓనరు గారికి వాట్సాప్‌లో పంపి రెండు నీలం టిక్కులు పడేదాకా సామాను దించకండి. కరెంటు మీటరు రీడింగ్ కూడా తీయండి. మీకు విడిగా మీటరు ఉందో లేదో అడగండి. ఇద్దరికీ ఒకటే అయితే యూనిట్లు కలిసి పై స్లాబులోకి ఎక్కుతాయి, ఆ ఎక్కువ రేటు మీ నెత్తినే పడుతుంది. ఆషాఢంలో ఇల్లు మారరు కాబట్టి అప్పుడు బేరానికి వెళ్లండి. ఖాళీగా వేలాడే టులెట్ బోర్డు ఓనరును కాస్త మెత్తబరుస్తుంది. అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారని అడక్కండి. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ ఖర్చు మీద పడుతుందని ఓనర్ల లెక్క. ఇక "మీ ఇంటి పేరేంటండీ?" అని అడిగితే, అడుగుతున్నది ఇంటి పేరు కాదని గ్రహించండి. "చేపలు వండుతారా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో.

ఇక మేకులు. ఐదు అని రాశారు, ఐదే. ఒకటి పంచాంగం క్యాలెండరుకి, ఒకటి గడియారానికి, ఒకటి అద్దానికి, ఒకటి పిల్ల బడి సంచికి. ఐదోది మా నాన్న ఫొటోకి.

ఆ ఇంట్లో దిగిన రెండేళ్లకు నాన్న పోయారు. ఆసుపత్రిలో, రాత్రి పదిన్నరకి. ఇంటికి తీసుకొస్తున్నామని చెబుదామని ఓనరు గారికి ఫోను చేశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు. అయ్యో అన్నారు. ఆ తర్వాత, "ఏమనుకోకండి, ఇంటికి మాత్రం తేవద్దండీ," అన్నారు. ఎవరినో అడిగారట, నక్షత్రం మంచిది కాదట, ధనిష్ఠా పంచకమట, ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలట. "పైన మేముంటున్నాం కదండీ," అన్నారు.

అంబులెన్సు వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆగింది. అమ్మ దానిలోనే నాన్న కాళ్ల దగ్గర తెల్లారేదాకా కూర్చుంది. మా గుమ్మం అక్కడికి ఎనభై అడుగులు. ఆ నెల అద్దె ఐదో తారీఖునే కట్టాను. చూడటానికి వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లి, తాళం చూసి, వీధి చివరికి వెతుక్కుంటూ వచ్చారు. చివరి స్నానం శ్మశానంలో కుళాయి కింద చేయించాం.

దీనికి వ్యంగ్యం రాయడం నాకు చేతకావడం లేదు. మీ డబ్బుకి మైల లేదు కదయ్యా! మా అడ్వాన్సుకి నక్షత్రం చూశారా? మేమిచ్చిన నోట్లను పసుపు నీళ్లు చల్లి లోపల పెట్టుకున్నారా? నాలుగు గోడలు కట్టుకున్నంత మాత్రాన, ఒక మనిషి తన ఇంటి గుమ్మం దాటి ఆఖరిసారి వెళ్లాలో వద్దో మీరు చెబుతారా? ఇది నా ఒక్కడికే జరిగిందనుకుంటే మీ వీధిలో అద్దెకున్న ఏ ఇంట్లోనైనా అడిగి చూడండి. చెబుతారు, కాస్త గొంతు తగ్గించి. పైన ఓనరు ఉంటాడు కాబట్టి.

అంత జరిగాక కూడా అక్కడ ఇంకో రెండేళ్లు ఉన్నాను. ఎందుకని అడుగుతారేమో. అడ్వాన్సు ఆయన దగ్గర ఉంది.

పన్నెండో రోజు వెళ్లాక నాన్న ఫొటో కట్టించి హాల్లో మేకు కొట్టాను. అడగకుండా కొట్టాను. ఆ ఇంట్లో నేను అడగకుండా చేసిన పని అదొక్కటే. ఖాళీ చేసేటప్పుడు సామాను బండి కుర్రాడు దాన్ని కటింగ్ ప్లేయరుతో లాగి, "తుప్పట్టేసింది బావూ, పారెయ్యనా?" అన్నాడు. వద్దని జేబులో వేసుకున్నాను.

ఈసారి సముద్రం ఏ మూల వంగినా కనిపించని చోట, పెందుర్తిలో చూసుకున్నాం. కొత్త ఓనరు గారు తాళాలు చేతిలో పెడుతూ, "మిగతావన్నీ మీ ఇష్టమండీ, గోడలకి మేకులు మాత్రం కొట్టకండేం," అన్నారు. నాన్న ప్రస్తుతం ఫ్రిజ్ మీద, గోడకి ఆనుకుని ఉన్నారు. తలుపు గట్టిగా వేస్తే ముందుకి వాలిపోతున్నారని కింద బియ్యం కొలిచే గ్లాసు అడ్డం పెట్టింది అమ్మ.